గొర్రెలు అడ్డం రాలేదు

మా మేనమామ పోయాడన్న కబురు నాకు నడుస్తున్న మోటార్‌సైకిల్ మీది నుంచి వచ్చింది. మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో పొద్దున్నే పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతున్నాను. ఫోన్ ఎత్తితే ముందు గాలి హోరు, తర్వాత లారీ హారన్, ఆ తర్వాత తమ్ముడి గొంతు వినిపించాయి.

"అక్కా, మామ పోయిండక్కా. కారు గుద్దింది. నడిపెటోడు ఫోన్ చూస్కుంట వచ్చిండట. నేను బండి మీదనే ఉన్న, నల్లగొండ దవాఖానకు పోతున్న."

ఎవడో ఫోన్ చూసుకుంటూ కారు నడిపి మా మామను చంపాడు. ఆ సంగతిని మా తమ్ముడు బండి నడుపుతూ ఫోన్లో చెబుతున్నాడు. మెడ పక్కకు వంచి, చెవికీ భుజానికీ నడుమ ఫోన్ ఇరికించుకుని ఉంటాడు. నాకు తెలుసు, అట్లా మాట్లాడేటప్పుడు వాడి గొంతు నొక్కి పట్టినట్టు వస్తుంది. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. "ముందు బండి ఆపురా" అని అరిచాను. "ఆపితె లేటయితదక్కా" అన్నాడు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీ మూలన చిన్న వార్త వేశారు. గొర్రెలు అడ్డం రావడంతో కారు అదుపు తప్పిందనీ, కాపరి చనిపోయాడనీ అందులో ఉంది. గొర్రెలున్నాయి, కారుంది, చివరికి ఆ రోజు పొద్దున పడ్డ మంచు కూడా ఉంది. ఫోన్ మాత్రం లేదు. మా మామ ఎట్లాంటివాడో చెప్పాలని రాస్తున్నాను కానీ, అంతకంటే ముందు ఆ వార్త తప్పని చెప్పాలని రాస్తున్నాను.

మామది నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే దారిలో రోడ్డు పక్కనున్న ఊరు. ఇళ్లు రోడ్డుకు ఇటు, గొర్రెలు మేసే గుట్టలూ చెలకలూ అటు. ఊహ తెలిసినప్పటి నుంచి పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి మందతో ఆ రోడ్డు దాటడమే ఆయన బతుకు. ముందు మామ, వెనక అత్తమ్మ, నడుమ గొర్రెలు. ఎండాకాలం సెలవుల్లో వాళ్లింటికి పోతే ఆ నడుమ నేనూ ఉండేదాన్ని.

రోడ్డు దగ్గరికి రాగానే మామ మందను ఆపేవాడు. తనొక్కడే నడి రోడ్డు దాకా వెళ్లి, కట్టె ఎత్తి పట్టుకుని నిలబడేవాడు. ఆయన ఒక్క అడుగు వేస్తే చాలు, మంద మొత్తం వెనకాలే కదులుతుంది. అందుకని దాటే సమయం వచ్చేదాకా కాలు కదిపేవాడు కాదు. నాకేమో తొందర. దూరంగా వస్తున్న లారీని చూసి, "ఇంకా దూరముంది కద మామా, ఉరుకుదాం" అనేదాన్ని.

"బండిని చూడకు బిడ్డా. బండికి కండ్లుంటయా? నడిపెటోని కండ్లు చూడు. వాడు నిన్ను చూసిండని నీకు ఎరుక కావాలె. గప్పుడు అడుగెయ్యాలె."

లారీ దగ్గరికొచ్చి నెమ్మదించేది. లోపలి నుంచి డ్రైవర్ గడ్డం కొంచెం పైకెత్తేవాడు. మామ కట్టెను కొంచెం వంచేవాడు. అంతే, నోటితో "హుర్ర్" అని ఒక్క కూత, మంద కదిలేది. ఒకరి ఊరు ఒకరికి తెలియని ఆ ఇద్దరి మధ్య అంత నమ్మకం ఎట్లా కుదిరేదో ఆ వయసులో నాకు అర్థమయ్యేది కాదు. పొద్దున బస్సు నడిపే మీసాల డ్రైవర్ ఒకాయన ఉండేవాడు. మందకు గాలికుంటు రోగం వచ్చిన ఏడాది నల్లగొండ నుంచి మందు తెచ్చి, బస్సు ఆపి మరీ మామ చేతికిచ్చి పోయాడు. ఆయన పేరేమిటని అడిగాను.

"పేరెవరికెరుక బిడ్డా? మంచిగ చూస్తడు" అన్నాడు మామ. ఒక మనిషిని ఆయన అంతకు మించి మెచ్చుకోగా నేను వినలేదు.

రోడ్డుకు రెండు పక్కలనూ మామ ఒడ్డు అనేవాడు. ఈ ఒడ్డు, ఆ ఒడ్డు. మధ్యలో ఉన్నంతసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నేను ఏదో వాగుతుంటే, "ఒడ్డెక్కినంక మాట్లాడుకుందాం" అనేవాడు. చేతికి బటన్ల ఫోన్ వచ్చాక దానికీ అదే చెల్లింది. మా అమ్మ రోజూ పొద్దున మంద తోలే వేళకే తన తమ్ముడికి, అంటే మామకు, ఫోన్ చేసేది. అది మోగి మోగి ఆగిపోయేది. కాసేపటికి ఆయనే చేసేవాడు. "అక్కా, గప్పుడు రోడ్డుల ఉంటిని. ఇప్పుడు ఒడ్డెక్కిన, చెప్పు." మా అమ్మ నవ్వేది. "వీడు రోడ్డు దాటిండా, కృష్ణ దాటిండా?" అని మాతో అనేది.

తెలంగాణ వచ్చాక సబ్సిడీ గొర్రెలు వచ్చాయి, మంద పెరిగింది. రోడ్డు వెడల్పయింది, కార్లు పెరిగాయి. అద్దాలకు నల్ల కాగితం అంటించిన కారు వస్తే మామ దాన్ని పోనిచ్చేవాడు. లోపలి కళ్లు కనిపించవు కాబట్టి దాంతో బేరం లేదు. అంతవరకు ఆయనకు ఫికర్ ఏమీ లేదు. ఆ తర్వాత అద్దాలు తెల్లగానే ఉన్నా కళ్లు కనిపించకుండా పోయాయి. అందరి తలలూ కిందికి వంగి ఉండేవి, లేకపోతే మెడ ఒక పక్కకు వాలి ఉండేది. పోయినేడు నేను వెళ్లినప్పుడు అరుగు మీద బీడీ కాలుస్తూ మామ అన్న మాట ఇది:

"ఎనకట తాగి నడిపెటోడు గూడ రోడ్డు దిక్కు చూసెటోడు బిడ్డా. వీడు తాగలే, నిద్ర పోతలేడు, మంచి తెలివి మీదున్నడు. కని ఈడ లేడు."

అందుకే ఒకసారి మా తమ్ముడి బండి మీది నుంచి దిగిపోయాడు. దేవరకొండలో పెళ్లి చూసుకుని ఇద్దరూ వస్తున్నారు. దారిలో వీడు ఫోన్ ఎత్తి మెడ వంచాడు. మామ వీపు మీద తట్టి బండి ఆపించాడు. కోప్పడలేదు, తిట్టలేదు. "నువ్వు మాట్లాడుకో బిడ్డా. నేను నడిచొస్త" అని కండువా భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు. వీడు బతిమాలుతూ బండిని ఆయన పక్కనే నెమ్మదిగా నడిపించుకుంటూ వచ్చాడట, ఆయన ఎక్కలేదట. మామకు బండంటే భయమని వాడు ఇంటిల్లిపాదికీ చెప్పి నవ్వించాడు. మేమందరం నవ్వాం. మామ కూడా నవ్వాడు.

నేను నల్లగొండ చేరేసరికి మామను మార్చురీ గదిలో పెట్టారు. బయట వేపచెట్టు కింద ఆ కారు నడిపినవాడు కూర్చుని ఉన్నాడు. పాతికేళ్లు కూడా ఉండవు. పక్కన ఒక కానిస్టేబుల్, వాళ్ల తరఫు పెద్దమనిషి ఒకాయన. ఆ పిల్లవాడు పెళ్లికి పోతున్నాడట. ఫంక్షన్ హాలు ఎక్కడుందని ఎవరో అడిగితే లొకేషన్ పంపుతున్నాడట. "ఒక్క నిమిషమే చూసిన మేడం, ఒక్క నిమిషమే" అని నా ముందు చేతులు జోడించి ఏడ్చాడు. అబద్ధం ఏడుపు కాదు. నా మనసు కొంచెం మెత్తబడుతుండగా అతని ఫోన్ మోగింది. ఏడుస్తూనే తీసి, ఎవరా అని చూసి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఫోన్ లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. కొట్టి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

పెద్దమనిషి మా వాళ్లను పక్కకు పిలిచి నచ్చచెప్పడం మొదలుపెట్టాడు. "పోరగాడు కావాలని చేసిండా? గొర్లు ఒక్కసారే అడ్డమొచ్చినయి. ఆయన టైమ్ గట్లున్నది. మీ మంచికే చెప్తున్న." మా వాళ్లలో ఇద్దరు ముగ్గురు తల ఊపారు కూడా. కాలం బాగాలేదని ఒకరు, రాసిపెట్టి ఉందని ఇంకొకరు అన్నారు. రాసిపెట్టింది దేవుడు కాదు, ఆ పిల్లవాడు ఫోన్లో రాస్తున్నాడు అని నేను అరవబోయాను.

నాకంటే ముందు అత్తమ్మ లేచింది. పొద్దున్నుంచి గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి.

"ఎవరు చెప్పిండ్రు గొర్లు అడ్డమొచ్చినయని? నేను ఎనక లేనా? గొర్లన్ని నా ముందల ఒడ్డు మీదనే ఉండె. ఆయనొక్కడే నడి రోడ్డుల నిలవడ్డడు, కట్టె ఎత్తి. కారు దిక్కే చూస్తున్నడు. ఇగ చూస్తడు, ఇగ చూస్తడు అనుకుంట నిలవడ్డడు. వాడు తలకాయ లేపలే."

"మరి పక్కకు దుంకొద్దా అమ్మా?" అన్నాడు పెద్దమనిషి.

"ఎట్ల దుంకుతడు? ఆయన కదిలితె గొర్లు కదులుతయి. అన్ని ఒక్కసారే రోడ్డు మీద పడుతయి. ఆ కారుల గూడ మనిషే ఉన్నడు గద! పోయి మా దొడ్ల చూసి రాపో. ఒక్క గొర్రెకన్న గీత వడ్డదేమో చూసి రాపో!"

ఒక్క గొర్రెకూ దెబ్బ తగల్లేదు. సాయంత్రం ఊరికి పోయాక నేనే దొడ్డిలోకి వెళ్లి చూశాను. గొర్రెపిల్లలతో సహా అన్నీ నిలబడి ఉన్నాయి, మేత లేక అరుస్తున్నాయి. గొర్రెలు కారుకు అడ్డం రాలేదు. మా మామ గొర్రెలకు అడ్డం నిలబడ్డాడు. పేపర్లో రాయాల్సింది అది.

కేసు అయింది. ఏమవుతుందో నాకు తెలియదు. నా కోపం ఆ ఒక్క పిల్లవాడి మీద అయితే ఎప్పుడో ఒకప్పుడు చల్లారేది. దినాల రోజు నన్నూ మా చుట్టాలనూ తీసుకొస్తున్న ఆటోవాడు ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో ఫోన్ పట్టుకున్నాడు. చచ్చిపోయిన మనిషి ఇంటికే పోతున్నామనీ, ఎట్లా చచ్చిపోయాడో తెలుసా అనీ అడిగితే, "నాకు అలవాటే మేడం, ఏం కాదు" అన్నాడు. ఆపించి నేను దిగి, అందరినీ దింపాను. వెనక కూర్చున్న మా వాళ్లకే నా మీద చిరాకు. ఎండలో దింపిందని ఒకామె ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే మానె. ఎవరి బండిలోనైనా ఇక నేను దిగిపోతాను. మా తమ్ముడు మాత్రం ఆ రోజు నుంచి బండి ఎక్కే ముందు ఫోన్ ఆపి సీటు కింద పెడుతున్నాడు. మామ బతికుండగా ఆ పని చేస్తే ఎంత బాగుండేదని వాడే అంటాడు.

మనిషి పోయాడని గొర్రెలు పస్తుండవు. దినాలు కాగానే అత్తమ్మ మందను మళ్లీ తోలింది. ఎవరికైనా అమ్మెయ్యమని చుట్టాలు చెప్పారు, వినలేదు. నేను సెలవు పెట్టి ఉండిపోయాను. ఆ పొద్దున అత్తమ్మ ముందు నడిచింది, మామ కట్టె పట్టుకుని. ఆమె ఎప్పుడూ ఉండే చోట, మంద వెనక, నేనున్నాను.

రోడ్డు రాగానే మందను ఆపింది. ఒక్కతే నడి రోడ్డు దాకా వెళ్లి కట్టె ఎత్తింది. సరిగ్గా అక్కడే. తెల్ల కారొకటి వస్తోంది. నడిపే అతని మెడ పక్కకు వాలి ఉంది. దగ్గరికొచ్చి, ఆగి, మాట్లాడుతూనే చేత్తో పొమ్మని సైగ చేశాడు. అత్తమ్మ కదల్లేదు. వెనక ఇంకో కారు, దాని వెనక ట్రాక్టర్ ఆగాయి. హారన్లు మొదలయ్యాయి. అతను అద్దం దించి, "పో అమ్మా, ఆపిన కద!" అని కసిరాడు.

"ఆపినవ్ బిడ్డా. కని నన్ను చూస్తలేవు. అది కింద పెట్టు."

అతనికి అర్థం కాలేదు. అత్తమ్మ మళ్లీ చెప్పలేదు, ఎత్తిన కట్టె దించలేదు. హారన్లు ఇంకా పెరిగాయి. చివరికి అతను ఫోన్ పక్క సీట్లో పడేసి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. అప్పుడు కట్టె కొంచెం వంచి "హుర్ర్" అంది. మంద కదిలింది.

సగం గొర్రెలు దాటాయో లేదో, అత్తమ్మ నడుముకు కట్టుకున్న సంచిలో మామ ఫోన్ మోగింది. ఆ వేళకు చేసేది మా అమ్మే. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. అత్తమ్మ దాని మీద చెయ్యి కూడా వేయలేదు. ఆగిన బండ్ల అద్దాల్లోకి ఒక్కొక్కటే చూసుకుంటూ, చివరి గొర్రెపిల్ల ఒడ్డెక్కే దాకా నడి రోడ్డులో అట్లాగే నిలబడి ఉంది.