తమ్ముడు చెప్పాడు, నేను రాశాను

పర్వతాల మీద పుస్తకాలంటే అందరూ మా తమ్ముడి పేరే చెప్తారు. రాసింది నేను. వాడి కుడిచేతికి బొటనవేలు తప్ప మిగతావన్నీ మంచు తినేసింది, ఎడమచేతికి రెండు పోయాయి. ఇంక పెన్నెవరు పట్టుకుంటారు? ఆఫీసులో స్టెనోగా చేస్తున్న అక్క ఇంట్లో ఉండగా వేరే మనిషెందుకన్నాడు. అలా నాలుగు పుస్తకాలయ్యాయి. నా మెడనొప్పి కూడా వాటితోపాటే మొదలైంది.

వాడు మొదట కరెంటాఫీసులో లైన్‌మన్. స్తంభం ఎక్కమంటే చాలు, చటుక్కున ఎక్కేవాడు. దిగమంటేనే దిగేవాడు కాదు. పైనుంచి ఊరంతా చూస్తూ ఉండిపోతే ఫోర్‌మన్ కింద నిలబడి నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఉన్న సెలవులన్నీ కొండలకే పెట్టేవాడు. పెళ్ళి చేసుకోరా అంటే, "ఉండక్కా, ఇంకొక్క శిఖరం," అనేవాడు. ఆ ఇంకొక్కటి ఎప్పటికీ అయ్యేది కాదు.

ఆ కొండల్లోనే వాడికి నిదానం అనే స్నేహితుడు దొరికాడు. అసలు పేరు వేరే ఉంది గానీ అందరూ అలాగే పిలిచేవాళ్ళు. మందులషాపులో పని. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ ఇంటికొచ్చే మనిషి. తాడుకి ముడి వేస్తే మూడుసార్లు లాగి చూసేవాడట. మా వాడి దూకుడుకి ఆ మనిషే కళ్ళెం. ఇద్దరూ ఒకే తాడుకి కట్టుకుని తొమ్మిది శిఖరాలెక్కి, తొమ్మిదిసార్లూ క్షేమంగా తిరిగొచ్చారు. ఎందుకంటే వాళ్ళకొక నియమం ఉంది. మధ్యాహ్నం రెండయితే ఎక్కడున్నా సరే, శిఖరం చేతికందేంత దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగాల్సిందే. లేకపోతే దిగేలోపు చీకటి పడుతుంది.

పదోసారి మా వాడొక్కడే వచ్చాడు. దిగేటప్పుడు చీకట్లో నిదానం కాలు జారి, తాడు తెగి లోయలో పడిపోయాడు.

ఆస్పత్రిలో రెండు చేతులకీ కట్లతో ఉండగానే ఒక పబ్లిషరు వచ్చి కూర్చున్నాడు, పుస్తకం కావాలని. ఆ పెద్దమనిషికి కాస్తయినా ఇంగితం ఉండొద్దూ? వాడు చెప్తుంటే నేను షార్ట్‌హ్యాండులో రాసుకుంటూ ఒకచోట ఆగాను.

"రెండింటికి వెనక్కి తిరగాలి కదరా. మూడు దాటాక పైనెందుకున్నారు?"

వాడు గోడవైపు తిరిగాడు. అటే చూస్తూ అన్నాడు: "వాడే అన్నాడక్కా. ఇంతదూరం వచ్చి తిరిగిపోతామా, ఇంకొక్క అరగంట అని పట్టుబట్టాడు. అలా రాయి."

నిదానం పట్టుబట్టాడా! నా మొహం! ఎత్తుకుని పెంచినదాన్ని, వాడు అబద్ధమాడితే నాకు తెలీదూ? కానీ మూడురోజులుగా వాడు తిండి ముట్టలేదు. ఇంకొక్క మాట అడిగితే ఏమైపోతాడోనని హడలిపోయి రాసేశాను. స్టెనో చెప్పింది రాయాలి గానీ మంచిచెడ్డలు చూడకూడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ పుస్తకం ఎగబడి కొన్నారు. వాడికి ఆఫీసులో కుర్చీపని ఇచ్చారు. ఆపైన బళ్ళు, కాలేజీలు, శాలువాలు. పందొమ్మిదేళ్ళుగా అదే కథ, అదే చోట గొంతు తగ్గించడం, అవే చప్పట్లు. పిల్లలు అడిగే ప్రశ్న కూడా ఒక్కటే, పైన బాత్రూం ఎలా సార్ అని. వినీవినీ నాకే ప్రాణం విసిగిపోయింది, చెప్పేవాడి సంగతి చెప్పాలా? ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా అలాగే కూలబడిపోయేవాడు.

మొన్న ఒక బడికి పిలిచారు. వెళ్ళాక తెలిసింది, నిదానం భార్య ఆ బడికే బదిలీ అయి వచ్చిందని. లెక్కల టీచరు. ముందువరసలో కూర్చుంది. మా వాడు ఆపలేకపోయాడు. అలవాటైన నోరు కదా, "ఇంకొక్క అరగంట అన్నాడు నా స్నేహితుడు," అనేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ లేచి, కుర్చీలు సర్ది, పిల్లల్ని వరసలో తీసుకెళ్ళిపోయింది.

ఆ వారమే పబ్లిషరు ఫోను చేశాడు. మొదటి పుస్తకం మళ్ళీ వేస్తున్నాం, తప్పులుంటే చెప్పండి అని. మా వాడు వంటింట్లోకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, కాగితం తీసుకో."

చెప్పాడు. గడియారం ఎప్పుడూ చొక్కాల లోపల, ఒంటికి ఆనుకునేలా కట్టుకోవాలి. లేకపోతే చలికి బ్యాటరీ పడుకుంటుంది. కొండలెక్కేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఆ రోజు మాటిమాటికీ కోటు చేతులు పైకి లాక్కోవడం బద్ధకమనిపించి, వీడు కోటు పైన కట్టుకున్నాడు. అది ఎక్కడో ఆగిపోయింది. చేతులు కోటులో దూర్చుకున్నప్పుడు వేడి తగిలి మళ్ళీ నడిచింది. వీడు చూసుకోలేదు. నిదానం గడియారం ముందురోజే పగిలింది. నీడలు చూసి రెండు దాటింది, వెనక్కి పోదామన్నాడు. వీడు చెయ్యి చాపి గడియారం చూపించాడు. ఒకటిన్నర. స్నేహితుడి మాట నమ్మి ఆ మనిషి ముందుకి నడిచాడు. వీడొక్కడే క్యాంపుకి చేరాక అక్కడివాళ్ళ గడియారం చూస్తే, గంటకి పైగా తేడా.

ఆపకుండా రాశాను.

పబ్లిషరుకి ఫోనులో చదివి వినిపిస్తే లబోదిబోమన్నాడు. "నేనడిగింది అచ్చుతప్పులు సార్! ఈ పేజీ వేస్తే మిమ్మల్ని ఏ బడీ గుమ్మం ఎక్కనివ్వదు."

"ఎక్కనివ్వకపోతే పీడా పోయింది," అన్నాడు మా వాడు. ఫోను పెట్టేశాక మాత్రం నావైపు తిరిగి, "ఆవిడ ఏమంటుందక్కా?" అన్నాడు. వాడి భయమంతా ఆవిడొక్కత్తి గురించే. అచ్చుకి పోయేలోపు ఆవిడే ముందు చదవాలని పట్టుబట్టి, ఆదివారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు.

ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్రపెన్ను చేతిలో ఉండగానే మా కాగితం రెండుసార్లు చదివింది.

"అయితే ఆయన వెనక్కి వచ్చేద్దామన్నారా?"

"అన్నాడమ్మా."

"నిజంగా అన్నారా అన్నయ్యా?"

"రెండుసార్లు అన్నాడు."

పెన్ను పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది.

"పందొమ్మిదేళ్ళు ఆయన మీద కోపంతో బతికాను," అంది. "ఇంట్లో మూడేళ్ళ పిల్ల ఉందని కూడా లేకుండా, అరగంట కోసం మమ్మల్ని వదులుకున్నాడని. ఆ పిల్ల వాళ్ళ నాన్న ఫొటో తెచ్చి గోడకి పెట్టబోతే లాక్కుని లోపల పడేశాను. మీ నాన్నకి మనం అక్కర్లేదే అని దానికి చెప్పి చెప్పి పెంచాను. నా నోటితో నేనే చెప్పాను."

అప్పుడు ఏడ్చింది. పోయిన మనిషి కోసం ఇన్నేళ్ళకి మొదటిసారి ఏడుస్తోందని చూస్తుంటేనే తెలిసిపోయింది. మా తమ్ముడు ఆ మొండిచేతులు ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాడు. కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని నన్ను చూసింది.

"పుస్తకం రాసింది మీరు కదా అక్కా. మీకు తెలుసా?"

"అబద్ధమని తెలుసు. రాసిన రోజే తెలుసు," అన్నాను.

ఆవిడ లోపలికి చూసి కూతుర్ని పిలిచింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, తల దువ్వుకుంటున్నదల్లా మధ్యలో వచ్చి నిలబడింది. తల్లి ఆ కాగితం నా చేతికిచ్చి, "మీరే చదవండి. దానికి వినబడేలా," అంది.

లేచి నిలబడ్డాను. చదివాను. గడియారం సంగతి చదివాను, నీడల సంగతి చదివాను. తరవాతి వాక్యం దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని చదివాను: "'రెండు దాటిపోయిందిరా, పాప ఎదురుచూస్తుంటుంది, ఇంటికి పోదాం పద,' అన్నాడు."

దువ్వెన చేత్తో పట్టుకుని ఆ పిల్ల అలాగే నిలబడిపోయింది.

"పెద్దమ్మా," అంది, "అదొక్కటీ మళ్ళీ చదవండి."