గొంగడి కింద రన్‌వే

మా చిన్నప్పుడు ఎక్కడ వైరు ముక్క దొరికినా ముందు మంటలో వేసేవాళ్లం... పైన ప్లాస్టిక్ కాలిపోతే లోపల రాగి మిగిలేది. పాత సామాన్ల వాడికి ఇస్తే ఐస్‌ఫ్రూట్ వచ్చేది.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన రోజులవి. మా బాపు రోడ్డు పక్కన ఫైబర్ కేబుల్ కోసం కందకాలు తవ్వే పనికి పోయేవాడు. మిగిలిన ముక్కలు పారేస్తుంటే అడిగి ఓ చుట్ట ఇంటికి తెచ్చాడు, బట్టలారేసే దండేనికి! నేనేమో ఓ ముక్క కొట్టేసి పొయ్యిలో పెట్టాను. రాగి రాలేదు, కంపు వచ్చింది. అమ్మ చీపురు తిరగేసింది.

అప్పుడు నేను ఆరో తరగతి, అక్క తొమ్మిది. తను ఇంకో ముక్కను బ్లేడుతో నిలువుగా చీల్చింది. లోపల జిడ్డు జిడ్డుగా గ్రీజులాంటిది, అందులో వెంట్రుకంత సన్నటి రంగురంగుల పోగులు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఓ పోగు కొసను టార్చిలైటుకు ఆనించింది. రెండో కొసన ఆవగింజంత వెలుగు...

"చెల్లే, గిండ్ల రాగి లేదే... గాజున్నది. వెలుతురు గిండ్లకెళ్లి పోతున్నది!"

అంతే... స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌కు ఎయిర్‌పోర్టు బొమ్మ చేస్తానంది.

మా ఇంట్లో ఆ మాట అనడానికే భయం. మా పొలం పోయింది ఆ రన్‌వే కిందికే. బాపు దాని పేరెత్తేవాడు కాదు, "గా దిక్కు" అనేవాడు. విమానం నెత్తి మీంచి పోయినా తలెత్తి చూసేవాడు కాదు. అక్కకు మాత్రం ఒకటే పట్టుదల. తను చేసింది బాపు వచ్చి చూడాలి.

పది రోజులు కూర్చుంది. అట్టకు నల్ల రంగు వేసి, రన్‌వే దీపాల కోసం సూదితో వరుసగా బొక్కలు పొడిచి, ఒక్కో బొక్కలో ఒక్కో పోగు గుచ్చింది. కత్తెరతో కోస్తే కొస నలిగి వెలుగు చచ్చేది. బ్లేడుతో గీటు పెట్టి విరిస్తేనే నిండుగా వచ్చేది. వేలిలో గాజు దిగితే పిన్నీసుతో తీసుకుని మళ్లీ మొదలుపెట్టేది. చివరికి పోగులన్నీ ఒక కట్టగా కట్టి టార్చి మూతికి బిగించింది. ఒక్క టార్చి... అట్ట నిండా దీపాలు! మా అక్కను మించిన ఇంజినీరు లేదనుకున్నాను. ఇప్పటికీ అదే మాట అంటాను.

తీరా ఎగ్జిబిషన్ రోజు గది నిండా ఎండ. కిటికీలకు తలుపులు లేవు. టార్చి వేస్తే ఒక్క దీపమూ కనబడలేదు. పిల్లలంతా ఒకటే నవ్వు... నాకైతే ఏడుపొచ్చింది. అక్క ఇంటికి పరుగెత్తి తాత గొంగడి తెచ్చి బల్ల మీద కప్పేసింది.

"ఇగ తలకాయ లోపల పెట్టి చూడుండ్రి!"

సార్లతో సహా అందరూ వరుస కట్టారు.

సాయంత్రం బాపు వచ్చాడు, అమ్మ పోరు పడలేక, పని బట్టలతోనే. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "రా బాపూ, జర చూడు" అని అక్క చెయ్యి పట్టి తీసుకొచ్చింది. తలకు చుట్టిన రుమాలు తీసి, వంగి, గొంగడి కింద తల పెట్టాడు... ఎంతసేపటికీ బయటికి రాలేదు. అక్క ముఖం పాలిపోయింది.

లోపలి నుంచే అన్నాడు...

"బిడ్డా... గీ రెండు దీపాల నడుమ మన పొలం బాయి ఉండె."

అక్క గొంగడి కొంచెం ఎత్తి, బాపు వేలు పెట్టిన చోట సూదితో బొక్క పొడిచి, మిగిలిన పోగు ఒకటి గుచ్చి, దాని రెండో కొసను టార్చి దగ్గరి కట్టలో దూర్చింది. బాపు మళ్లీ వంగాడు. ఈసారి నన్నూ లోపలికి లాక్కున్నాడు.

"గదే... గాడ్నే" అన్నాడు. బాపు ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు ఇలాంటి బొమ్మలు లైట్లతో సహా దుకాణంలో దొరుకుతున్నాయి. మా పాపకూ ఒకటి కొన్నాను. చాలా బాగుంది, కానీ అందులో మా బాయి లేదు...

మీ ఊరి బొమ్మ మీరే చేస్తే, ఇప్పుడు లేని దేనికి ఓ దీపం పెడతారు? కింద రాయండి... చదువుకుంటాను.