ఏడో ఫోన్ విన్న చప్పుడు

హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, ముందు ఆ గది వైరింగ్ చూపించమని ఆటపట్టించేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తున్నాను, అంతే.

తార్నాకలో గది తీసుకుని, యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ల్యాబ్‌లో పన్నెండు పాత ఫోన్లున్నాయి. ఒక్కొక్కటీ చుట్టూ వినబడే శబ్దాలను వింటుంది, ఒకేలాంటివాటిని ఒక గుంపుగా గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. రికార్డింగులు బయటికి పంపదు. నేర్చుకున్నది మాత్రమే అప్‌డేట్‌గా వైఫైలో సర్వర్‌కి పంపుతుంది. సర్వర్ అన్నిటినీ కలిపి ఒకే మోడల్ చేస్తుంది. నెట్‌వర్క్ మీద భారం తగ్గాలని నేనొక నియమం పెట్టాను. కొత్తగా ఏదైనా నేర్చుకుంటేనే పంపాలి, లేకపోతే నోరు మూసుకోవాలి. నా థీసిస్ అంతా ఆ నియమమే.

ఏడో ఫోన్ బ్యాటరీ ఉబ్బిపోతే నేనే తీసేసి, ఫోన్‌ని ఇనుప గదిలో ర్యాక్ మీద పడేశాను. సిగ్నల్ లోపలికి రాకుండా, బయటికి పోకుండా కట్టిన పరీక్షల గది అది. గోడలకి మందపాటి నురుగు. తలుపు లోపలి హ్యాండిల్ ఎప్పటినుంచో వదులు. అందుకే లోపలికి వెళ్ళేవాళ్ళు తమ ఐడీ కార్డు బయట మేకుకి తగిలించాలి. మేకుకి కార్డుంటే లోపల మనిషున్నట్టు.

ఆ శనివారం మధ్యాహ్నం, ఐదు నిమిషాల పనే కదా అని కార్డు మెడలోనే ఉంచుకుని వెళ్ళాను. తలుపు వేసుకునేసరికి మూడు. పనయ్యాక హ్యాండిల్ తిప్పితే ఊడి చేతికొచ్చింది.

మొదట నవ్వొచ్చింది. నా ఫోన్ చూస్తే సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. అరిచాను. ఆ నురుగు గోడలు గొంతుని మింగేస్తాయి. సోమవారం సెలవు, మంగళవారం దాకా ఎవరూ రారు. అమ్మ ఫోన్ చేసినా, ఎత్తకపోతే చదువుకుంటున్నాననుకుంటుంది. నీళ్ళ సీసా బయట బల్ల మీదుంది. గాలి ఎటునుంచి వస్తుందో కూడా ఏనాడూ చూడలేదు. ఇక్కడే చచ్చిపోతానేమోనని భయమేసి ఏడ్చాను. ఊడిన హ్యాండిల్‌తోనే తలుపుని మూడేసి దెబ్బలు కొడుతూ కూర్చున్నాను.

ఐదున్నరకి తలుపు తెరుచుకుంది. ఎదురుగా మా జూనియర్ స్వరూప. చార్జర్ మర్చిపోయి ల్యాబ్‌కి వచ్చిందట.

"ఏందక్కా, గీడున్నవా? కార్డు పెట్టలే! ఏడో ఫోన్ నువ్వే ఆన్ చేసినవా? దాని నుంచి సర్వర్‌కు అప్‌డేట్ వచ్చింది. ఏందో చూద్దామని గీ గదికి వచ్చిన."

ఏడో ఫోన్ ర్యాక్ మీద ఉన్నచోటే ఉంది. వెనక మూత లేదు, బ్యాటరీ లేదు.

మంగళవారం ల్యాబ్‌కి వచ్చి, సర్వర్‌లో నమోదైన లాగ్‌లన్నీ తిరగేశాం. ఆ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేని రహస్య కీతోనే, అంటే దాని సంతకంతోనే, అప్‌డేట్ వచ్చింది. మోడల్లో ఒక కొత్త గుంపు చేరింది. ఫ్యాన్లు, దగ్గులు, ఆటోలు, కుక్కలు, ఏ శబ్దం వినిపించినా అందులో పడలేదు. చివరికి ఆ హ్యాండిల్ తీసుకుని ఇనుప తలుపు మీద మూడు దెబ్బలు కొట్టాను. పడింది. స్వరూప కొడితే పడలేదు.

అప్పటిదాకా ఇద్దరం లాగ్‌లో సమయం రాసి ఉండే గడి చూడలేదు. అప్‌డేట్ వచ్చింది ఆ శనివారం మధ్యాహ్నం రెండు నలభైకి. సర్వర్ గడియారం సరిగ్గానే ఉంది, నాలుగుసార్లు సరిచూశాం.

నేర్చుకున్నాకే పంపాలన్న నియమం నాదే. ఆ ఫోన్ నా దెబ్బలు ఎప్పుడు విని నేర్చుకుందో నాకిప్పటికీ అంతుపట్టలేదు. రెండు నలభైకి నేనింకా క్యాంటీన్‌లో కూర్చుని టీ తాగుతున్నాను.