పులిహోర విషయంలో బావ ఒప్పుకున్న రోజు

మాది గజపతినగరం. మా బావది భావనపాడు. మా అక్కని చేసుకున్న పాపానికి నాతో కలిసి హిమాలయాలు ఎక్కుతుంటాడు. ఆక్సిజన్ సిలిండర్లు ఉండవు, సామాను మోసే కూలీలు ఉండరు. ఇద్దరం, మధ్యలో ఒక తాడు. ఒకడు జారితే రెండోవాడు ఆపాలి, లేదా తోడు వెళ్లాలి. దీన్ని పత్రికలవాళ్లు సాహసం అంటారు. మా అమ్మ వేరే మాట అంటుంది, అది పత్రికల్లో వేయరు.

నెల్లిమర్ల జూట్‌మిల్లు గోనెసంచుల్లో తడి ఇసుక పోసి, వీపున కట్టుకుని మా ఊరి కొండ ఎక్కడం మా సాధన. దారంతా ఒకరినొకరం ఎత్తిపొడుచుకోవడం కూడా.

"సముద్రం ఒడ్డునోడివి, నీకు కొండలేటి బావా?" అంటాను.

"మీదీ ఒక కొండేనేటిరా? ఎక్కితే మీ సంతే కనబడతాది," అంటాడు.

ఒక్క మాట పడి ఊరుకోడు. పైన మాకు అదే పరీక్ష. అంత ఎత్తులో గాలి చాలక మెదడు వాచినా, మనిషి తనకేమీ కాలేదనే అంటాడు. అందుకే బాగున్నావా అని అడగం, ఎత్తిపొడుస్తాం. తిరిగి అన్నాడంటే మెదడు పనిచేస్తున్నట్టే.

కిందటేడు శిఖరం కళ్లెదుటే ఉంది. ఎండ కాస్తోంది, గాలి లేదు, ఫొటోకి ముస్తాబైనట్టుంది. తాడు రెండో కొసన బావ మంచులో చతికిలబడ్డాడు. నా పాత ఆయుధం తీశాను.

"పెళ్లిసూపులకొచ్చి పులిహోర అడిగడిగి ఏయించుకున్నావు, గుర్తున్నాదా బావా?"

కాసేపు ఆలోచించాడు. "అవున్రా, తప్పే. సిగ్గు నేకుండా తిన్నాను."

ఆ మంచులో ఇంకా చల్లబడడానికి నాలో ఏమీ మిగల్లేదనుకున్నాను. వెన్ను చల్లబడింది. పెళ్లయినప్పటి నుంచి బావ నా మాట ఒక్కటీ ఒప్పుకోలేదు.

"దిగిపోదాం బావా."

"సరే, నువ్వెలాగంటే అలాగే."

ఇది మరీ ప్రమాదం. శిఖరానికి వీపు తిప్పి, బావని ముందు నడిపిస్తూ, తాడు బిగించి పట్టుకుని దించుకొచ్చాను. దారిలో ఎన్ని అన్నా తలూపాడు. అక్కకి ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటూ దిగాను. ఒక్కటీ కుదరలేదు.

బాగా కిందికి వచ్చాక గుడారంలో కూర్చోబెట్టి, చోడి అంబలి, అదే రాగిజావ, కాచి ఇచ్చాను. సగం తాగి గ్లాసు దించాడు.

"ఒరే. ఆ పులిహోరలో ఉప్పు నేదు. ఎక్కడైనా తగుల్తాదేమోనని అడిగడిగి ఏయించుకున్నాను."

గ్లాసు మళ్లీ నింపాను. ఆ పులిహోర కలిపింది మా అక్కే అని మాత్రం చెప్పలేదు. మనిషి ఇంకా కోలుకోవాలి కదా.