చల్లగదిలో కుదిరిన పీహెచ్

నా ఉద్యోగంలో చివరి వేసవి షాద్‌నగర్ దగ్గరి ల్యాబ్‌లో, చల్లగదిలోనే ఎక్కువగా గడిచింది. ఆ రోజుల డైరీలో నేను వాతావరణం రెండు రకాలుగా రాసుకున్నాను: బయటిది, లోపలిది. బయట మే నెల ఎండ. లోపల నేను గొంగడి కప్పుకుని, గాజు గొట్టం చివర ఒక్కో చుక్క ఉబ్బి, వేలాడి, రాలడం చూస్తూ కూర్చునేవాణ్ణి. కాసేపటికి చుక్క రాలిందో, నేనే కలగన్నానో తెలిసేది కాదు.

మేకపిల్లల కడుపులో పాలను గడ్డకట్టించే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని వేరుచేయడం నారాయణపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి పని. గొట్టంలో ధనావేశమున్న పూసలు నింపుతాం. ప్రోటీన్‌కు రుణావేశం ఉంటేనే వాటిని పట్టుకుంటుంది. ఆమ్లతను తెలిపే పీహెచ్ ఐదు దగ్గర ఆ ఆవేశం పోయి జారిపోతుంది. ఏడుకు దగ్గరపడితే గట్టిగా పట్టుకుంటుంది గాని, పాలను గడ్డకట్టించే శక్తి పోతుంది. అందుకే ఆమె బల్ల మీద చిన్న గొట్టాల్లో పరీక్షించి ఆరు పాయింట్ రెండు ఎంచుకుని, ఆ పీహెచ్‌ను నిలిపి ఉంచే బఫర్ ద్రావణం కలుపుకుంది. అక్కడ కుదిరింది చల్లగదిలో కుదరలేదు.

"పాలు పాలలెక్కనే ఉన్నయ్ సార్. ఇగ మేకపిల్లల కడుపురసం ఒక్క సీసనే మిగిలింది. అది గూడ ఖరాబైతే పెద్దసారు పని బంద్ జేపిస్తడు."

"బఫర్ ఏడ కలిపినవమ్మా?"

"బల్ల మీదనే. ఏసీ నడుస్తలేదు గద, చెమటలు కారుకుంట కలిపిన."

పీహెచ్ మీటర్ చల్లగదిలోకి తెచ్చి, అక్కడే సరిచూసి, చల్లబడిన బఫర్‌లో ముంచాం. ఆరు పాయింట్ ఎనిమిది! కొన్ని బఫర్లకు చలిలో పీహెచ్ పెరుగుతుంది.

"మంచిగనే ఏరుకున్నవు బిడ్డా. ఎండల కొలిచి చలిల వాడినవు, గంతే."

ఆమె నవ్వింది. "బఫర్ కలిపే పద్ధతి పుస్తకంల రాసినోళ్లకు మన పాలమూరు ఎండ ఎర్కలేదు సార్!"

గొంగడి ఇవ్వబోతే వద్దంది. "ఉన్ని వాసన. ఇంటికి పోతే గొర్రెలను కాసొచ్చినవా అంటరు."

గొంగడి లేకుండానే బఫర్‌లో ఆమ్లం చుక్కచుక్కగా కలిపి, ఆ చలిలోనే ఆరు పాయింట్ రెండుకు తెచ్చింది. చివరి సీసా గొట్టంలో పోసింది. మళ్లీ చుక్కలు. మొదట ప్రోటీన్‌ను పూసలు పట్టుకున్నాయి, తర్వాత ఉప్పునీరు దాన్ని మెల్లగా విడిపించింది.

ఆ చుక్కలను చిన్న గొట్టంలోని గోరువెచ్చని పాలలో కలిపి, కొన్ని నిమిషాలాగి నా చేతికిచ్చింది.

"మీరే వంచి చూడుర్రి సార్. నాకు భయమైతాంది."

వంచాను. గడ్డకట్టిన పాలు కదల్లేదు. ఆమె గొట్టం లాక్కుని తలకిందులుగా పట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది.