మైనరు మా నాన్న

1974లో ఒక సోమవారం, ఉదయం పదకొండు గంటలకు నందిగామ కోర్టు బంట్రోతు మమ్మల్ని పిలిచాడు: "మైనరు వకుళ, గార్డియను తల్లి సరోజిని."

నాకు తొమ్మిదేళ్ళు. నాన్న పోయాక నా పేరున మిగిలిన పొలం అమ్మడానికి అమ్మ కోర్టు అనుమతి అడిగింది.

జగ్గయ్యపేటలో మైనరంటే నాన్నే. పట్టు లాల్చీ, సెంటు వాసన. షోకులకు ఆస్తి తగలేసేవాణ్ణి అలా ఎగతాళి చేస్తారని తెలియక, అది బిరుదనుకున్నాను. అందుకే బంట్రోతును సరిదిద్దాను.

"నేను కాదండి. మైనరు మా నాన్న."

"ఓహో, అందుకా పొలం అమ్మకానికొచ్చింది," అన్నాడు పక్కనున్న ముసలి గుమాస్తా. వరండా అంతా నవ్వింది.

అమ్మ పుట్టిల్లు నందిగామే. నాన్న సంగతి అక్కడ ఎవరికీ తెలియనివ్వలేదు. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుని, "పదవే," అంది.

నిన్న మనవరాలు నిఘంటువు చూసి చెప్పింది. లాటిన్‌లో మైనరంటే 'ఇంకా చిన్న' అనట. స్పానిష్ వాళ్ళ మెనోర్ అందులోంచే వచ్చిందట. మన లెక్కల్లోని మైనస్ కూడా ఆ మాటకే నపుంసక రూపమట.

అనుమతి వచ్చింది. ఆ ఏడాది పోయినవి రెండెకరాల పొలం, అమ్మకు పుట్టింటి రాకపోకలు.