తన చేత్తో ముంచుకున్న నీళ్లు

మా మేనత్త చుట్టాల్లో ఎవరింటికి పోయినా, వాళ్లు ఇవ్వకముందే వంటింట్లోకి పోయి తన చేత్తో నీళ్లు ముంచుకొని తాగేది. చిన్నప్పుడు నాకు తలకొట్టేసినట్టుండేది.

మోకాళ్లు అరిగి ఒక్కతే ఉండలేకపోయినాక, పెద్దవాళ్లను చూసుకునే హోం తనే చూసి ఎంచుకుంటానంది. డాక్టరు, మంచం, బాత్రూంలో పట్టుకోను కడ్డీ అని నేను లిస్టు రాసుకున్నా.

మార్కాపురంలో చూసినదాంట్లో అన్నీ ఉన్నాయి. అత్త నేరుగా వంటింటి వైపు నడిచింది. అక్కడ పనిచేసే అమ్మాయి అడ్డమొచ్చి, "లోపలికి రాకూడదమ్మా, నేనే తెచ్చిస్తా" అంది. అత్త తాగకుండానే బయటికొచ్చేసింది.

"ఏంది అత్తా, ఆ పిల్ల బాగానే మాట్లాడింది గదా?"

"బాగానే మాట్లాడింది నాయనా. కూలికి పోయిన ఇండ్లల్లో యాభై ఏండ్లు వాకిట్లో నిలబడి, వాళ్లు పైనుంచి పోస్తే దోసిట్లో తాగినా. ఇంక చాలు."

గిద్దలూరులో చూసింది ఎనిమిది మంది ఉండే చిన్న ఇల్లు. అత్త వంటింట్లోకి పోయి బిందెలో చెంబు ముంచింది. పొయ్యి దగ్గరున్న వంటామె తల కూడా తిప్పకుండా, "నువ్వు తాగినాక నాకూ ఒక చెంబు ఇయ్యి పెద్దమ్మా, గొంతు ఎండిపోతాంది" అంది.

అత్త చెంబు నిండా ముంచి ఇచ్చింది. ఆమె గుక్క తిప్పుకోకుండా తాగేదాకా చూస్తా నిలబడింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీ లిస్టు సంగతి నువ్వు కనుక్కో. నా బట్టలు మాత్రం రేపే తెచ్చెయ్యి."